పోయిన చోటే వెతుక్కున్న మనిషి: ఒక మిర్చి వ్యాపారి ట్రేడింగ్ కేసు

ఆయన మా ఆఫీసుకు వచ్చింది 2024 ఆగస్టులో, ఒక శనివారం. యార్డుకు సెలవు కాబట్టి తీరిగ్గా వచ్చారు. వయసు 52. గుంటూరు మిర్చి యార్డులో దాదాపు ముప్పై ఏళ్ల వ్యాపారం. కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే విషయంలోకి వచ్చేశారు. "తమ్ముడూ, నాకు నీతులొద్దు. పోయింది రాబట్టుకునే దారి ఒక్కటి చెప్పు, చాలు."

నేను షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ని. షేర్లు అమ్మను, టిప్పులివ్వను, తీసుకునేది ఫీజు మాత్రమే. రాబట్టే దారి నా దగ్గర లేదని అప్పుడే చెప్పాను. ఆయన లేచి వెళ్లిపోతారనుకున్నాను, కూర్చునే ఉన్నారు. వెంట వచ్చిన వాళ్లావిడ సంచిలోంచి బంగారం తాకట్టు రసీదు తీసి బల్ల మీద పెట్టారు. అందుకే కూర్చున్నారని నాకు తర్వాత అర్థమైంది.

ఈ కేసు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆయన డబ్బు అంకెల్ని కాస్త అటూ ఇటూ చేశానుగానీ వాటి మధ్య నిష్పత్తి చెడలేదు.

ఆ మొదటి గంటలో ఆయన నోట మూడుసార్లు వచ్చిన మాట "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి". మనందరం చిన్నప్పట్నుంచీ విన్నదే. కళ్లంలో ఉంగరం జారిపోతే నూటికి నూరుపాళ్లు నిజం. మార్కెట్లో పోయిన డబ్బు మాత్రం పోయిన చోట ఉండదు. ఆ క్షణానే ఇంకొకరి ఖాతాలోకి వెళ్లిపోయి ఉంటుంది. తెలివైన మనిషి, ముప్పై ఏళ్లు సరుకు కొని అమ్మిన మనిషి, ఇంత చిన్న తేడా ఎందుకు చూడలేకపోయారన్నదే నాకు ఈ కేసులో మొదటి ప్రశ్న.

మొదట్లో గెలవడం

2020 మార్చి 23న నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఒక్కరోజే 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. లాక్‌డౌన్‌తో యార్డు మూతపడింది. ఊరికే ఇంట్లో కూర్చోలేని మనిషి, బావమరిది చేత, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిపించుకున్నారు. ఆయన ఒక్కరే కాదు. 2020 మార్చి నాటికి దేశంలో సుమారు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. అంటే ఇప్పుడు మార్కెట్లో ఉన్నవాళ్లలో చాలామంది తొలి పాఠం నేర్చుకున్నది ఏది కొన్నా పెరిగిన రోజుల్లోనే.

2021 అక్టోబరుకి ఆయన లాభం దాదాపు 7 లక్షలు. ఆ డబ్బుకి ఆయన పెట్టిన పేరు "షేర్ల డబ్బు". యార్డు డబ్బు వేరు, ఇది వేరు. యార్డు డబ్బులో వెయ్యి రూపాయలు తేడా వస్తే గుమస్తాను రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి నిలదీసే మనిషి, షేర్ల డబ్బులో యాభై వేలు పోతే "పోతే పోయింది, వచ్చిన దాంట్లోదేగా" అనుకునేవారు. రూపాయికి మనం మనసులో వేసుకునే ఈ వేర్వేరు ఖాతాల గురించి రిచర్డ్ థేలర్ జీవితమంతా పనిచేశారు, 2017లో నోబెల్ కూడా వచ్చింది. జూదగాడు గెల్చుకున్న డబ్బుని తన డబ్బుగా లెక్కపెట్టడు, ఆడించేవాడి డబ్బుగానే చూస్తాడు. ఎరిక్ జాన్సన్‌తో కలిసి 1990లో థేలర్ ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని మీదే. దాన్లో రెండో సగం కూడా ఉంది. నష్టపోయినవాడు మామూలుగా జంకుతాడుగానీ, అసలు మొత్తం ఒక్క దెబ్బకి తిరిగొచ్చే అవకాశం కనిపిస్తే మాత్రం జంకు వదిలేసి దూకుతాడు. మన సామెతకి ఇంతకంటే దగ్గరి శాస్త్రం నేను చూడలేదు.

2022 ఏప్రిల్లో ఆప్షన్లలోకి (ఒక గడువులోగా రేటు ఎటు వెళ్తుందో దాని మీద కాసే కాంట్రాక్టుల్లోకి) దిగారు. ఒక టెలిగ్రామ్ గ్రూపు, రోజూ పొద్దున్న ఒక టిప్పు, సాయంత్రం ఎవరిదో లాభాల స్క్రీన్‌షాట్. అది ఎవరిదైనా మామూలుగా సాగే కథే, దాని మీద ఎక్కువ సమయం పెట్టను.

ట్రేడ్‌బుక్ చెప్పింది

నేను క్లయింట్ చెప్పే కథ వింటాను, కానీ నమ్మేది ట్రేడ్‌బుక్‌ని. ప్రతి కొనుగోలూ అమ్మకమూ నమోదైన బ్రోకర్ రికార్డు అది. నాలుగేళ్లది డౌన్‌లోడ్ చేయించి, మా అసిస్టెంటూ నేనూ రెండు రోజులు కూర్చున్నాం.

ముందు షేర్లు. లాభానికి అమ్మినవి 46 సార్లు. నష్టానికి అమ్మినవి 5 సార్లు. లాభమొచ్చిన షేరు ఆయన చేతిలో సగటున 23 రోజులుంది. నష్టంలో ఉన్నవి తొమ్మిది ఇంకా ఖాతాలోనే ఉన్నాయి, అన్నిటికంటే పాతది 2021 అక్టోబరులో కొన్నది. కొన్న రేటులో మూడో వంతుకి వచ్చిన ఆ షేరుని నాలుగుసార్లు యావరేజ్ చేశారు, అంటే పడ్డ రేటుకి ఇంకా కొని సగటు రేటు తగ్గించుకున్నారు. 2024 ఏప్రిల్లో నాలుగోసారి చేయడానికి డబ్బు చాలక 12 శాతం లాభంలో ఉన్న హెరిటేజ్ ఫుడ్స్ అమ్మేశారు. జూన్‌లో ఎన్నికల ఫలితాలొచ్చాక హెరిటేజ్ వరసగా అప్పర్ సర్క్యూట్లు (ఒక్కరోజులో ఎక్కగలిగే గరిష్ఠ రేటు) కొట్టడం మన రెండు రాష్ట్రాల్లో తెలియనివాళ్లు లేరు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, పుస్తకంలో కనిపించింది. అడిగితే కిటికీ వైపు చూశారు.

లాభంలో ఉన్నదాన్ని త్వరగా అమ్మడం, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకు వేలాడటం అనే అలవాటుకి షెఫ్రిన్, స్టాట్‌మన్ 1985లో డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. 1998లో టెరెన్స్ ఓడీన్ అమెరికాలో ఒక బ్రోకర్ దగ్గరున్న 10,000 ఖాతాలు తీసి కొలిచారు. అమ్మడానికి చేతిలో ఉన్న లాభాల్లో 14.8 శాతాన్ని అమ్ముకుంటే, నష్టాల్లో 9.8 శాతాన్నే అమ్మారు. ఆ అమ్మిన లాభాల షేర్లు తర్వాత ఏడాదిలో, పట్టుకున్న నష్టాల షేర్ల కంటే బాగా పెరిగాయి కూడా. మా వ్యాపారి లెక్క ఆ సగటు అమెరికన్ కంటే చాలా ముదురు.

ఇది ఒక్క మనిషి జబ్బుగా మిగిలిపోదు. ఒక షేరు 500 దగ్గర లక్షమంది కొన్నారనుకోండి, 300కి పడింది. వాళ్లలో సగం మందికి "500కి వస్తే చాలు, దండం పెట్టి బయటపడతా" అనే మొక్కు ఉంటుంది. రెండేళ్లకి కంపెనీ బాగుపడి రేటు 490కి చేరగానే ఆ మొక్కులన్నీ ఒకేసారి అమ్మకాలవుతాయి. చార్టు చూసేవాళ్లు, రేటు దాటలేకపోయే ఆ గీతని రెసిస్టెన్స్ అంటారు. గీత వెనకాల ఉన్నది పాత కొనుగోలుదారుల ఆత్మాభిమానం. మంచి వార్త వచ్చినా రేటు వెంటనే దానికి తగ్గట్టు ఎక్కకుండా, మెల్లగా ఎక్కడానికి ఇదీ ఒక కారణం.

ఇక ఆప్షన్లు. మొత్తం నష్టం 38 లక్షల 40 వేలు. నన్ను ఆపింది ఆ అంకె కాదు. నష్టపోయిన రోజు మర్నాడు ఆయన వేసిన పొజిషన్ సైజు (ఒక్క పందెంలో పెట్టిన మొత్తం), అంతకు ముందు రోజు దానికి సగటున 1.8 రెట్లుంది. లాభమొచ్చిన రోజు మర్నాడు దాదాపు అంతే ఉంది. ఆ రోజుల్లో వారంలో ఐదు రోజులూ ఏదో ఒక ఇండెక్స్‌కి ఎక్స్‌పైరీ ఉండేది, అంటే దాని ఆప్షన్ల గడువు ముగిసేది. సోమవారం మిడ్‌క్యాప్, మంగళవారం ఫిన్‌నిఫ్టీ, బుధవారం బ్యాంక్ నిఫ్టీ, గురువారం నిఫ్టీ, శుక్రవారం సెన్సెక్స్. ఇవాళ పోయింది రేపే రాబట్టుకోవడానికి రోజూ ఒక కొత్త తలుపు తెరిచి పెట్టినట్టు.

జూన్ 4

2024 జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం 3న నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరి 23,264 దగ్గర ముగిసింది. యార్డుకి వేసవి సెలవులు. ఆ మధ్యాహ్నం ఆయన వాళ్లావిడ నగల మీద తెచ్చిన 6 లక్షలతో, గురువారం ముగిసే 23,000 కాల్స్ కొన్నారు. ఆ రోజు నిఫ్టీ 23,000 పైన ముగిస్తేనే వాటికి విలువ, లేకపోతే సున్నా. "నాలుగొందల సీట్లని టీవీలన్నీ చెబుతుంటే ఇంకేం కావాలి" అన్నారు నాతో. ఆ మాట అప్పటికే రేటులో కలిసిపోయిందన్న సంగతి మిర్చిలో అయితే ఆయనకి చిటికెలో తట్టేది. వాన పడుతుందని అందరికీ తెలిశాక యార్డులో ఎవరూ ఆ వార్త మీద సరుకు కొనరు.

మంగళవారం కౌంటింగ్. ఇంట్లో తెలుగు చానల్. రాష్ట్రంలో కూటమి 175కి 164 వైపు వెళ్తోంది, వీధిలో టపాసులు, పిల్లలు స్వీట్లు పంచుతున్నారు. చేతిలో ఫోన్ ఎర్రగా ఉంది. దేశం మొత్తం లెక్క టీవీలు చెప్పినట్టు రాలేదు. నిఫ్టీ దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. ప్రీమియం (ఆ కాల్స్ రేటు) ముప్పాతిక కరిగిన దశలో, పొద్దున్న పదకొండింటప్పుడు, బ్యాంకు ఓవర్ డ్రాఫ్ట్ (ఓడీ) ఖాతాలోంచి ఇంకో 5 లక్షలు తెచ్చి అవే కాల్స్ కొన్నారు. యావరేజ్ చేశానని ఆయన భాష.

డానియెల్ కానెమన్, అమోస్ ట్వర్‌స్కీ 1979లో అడిగిన ఒక ప్రశ్న నాకు అక్కడ గుర్తొచ్చింది. ఖాయంగా 3,000 తీసుకుంటారా, లేక 80 శాతం అవకాశంతో 4,000 తీసుకుంటారా అంటే నూటికి 80 మంది ఖాయమైన 3,000 కోరుకున్నారు. అదే ప్రశ్నని నష్టానికి తిప్పారు. ఖాయంగా 3,000 పోగొట్టుకుంటారా, లేక 80 శాతం అవకాశంతో 4,000 పోగొట్టుకునే పందెం కాస్తారా? ఈసారి నూటికి 92 మంది పందెం వైపే మొగ్గారు. లెక్క ప్రకారం ఆ పందెంలో సగటున పోయేది ఎక్కువ, అయినా సరే. ఖాయమైన నష్టాన్ని ఒప్పుకోవడం కంటే పెద్ద నష్టంతో ఆడటం మనిషికి తేలిక. జూన్ 4న పదకొండింటికి ఆయన ముందున్నదీ ఆ ప్రశ్నే. నాలుగున్నర లక్షలు పోయాయని ఒప్పుకోవడం, లేదా ఇంకో 5 లక్షలు పెట్టి ఒప్పుకోవడాన్ని గురువారానికి వాయిదా వేయడం.

గురువారం 6న నిఫ్టీ 22,821. కాల్స్ సున్నా. మొత్తం 11 లక్షలు పోయాయి.

శుక్రవారం 7న నిఫ్టీ 23,290.

ఈ కేసులో అన్నిటికంటే హాని చేసింది ఆ శుక్రవారమే అని నా అభిప్రాయం. జూన్ 4న పడిన నిఫ్టీ అక్కడే ఉండిపోయి ఉంటే ఆయన ఆగేవారేమో. ఒక్క రోజు తేడాతో తన అంచనా నిజమైపోయింది. "నేను చూసింది కరెక్టే తమ్ముడూ, టైమే తప్పింది" అని ఆగస్టులో కూడా అంటూనే ఉన్నారు. జూన్ 7 నుంచి జూలై చివరి వరకు ఇంకో 9 లక్షలు పోయింది ఆ వాక్యం మీదే. తృటిలో తప్పిపోయిన లాటరీ టికెట్టు, అసలు తగలని టికెట్టు కంటే ఎక్కువ టికెట్లు కొనిపిస్తుంది.

నేను చేసిన తప్పు

మొదట నేను చేసింది అందరూ చేసేదే. 2021-22లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) ఆడిన వ్యక్తుల్లో 89 శాతం నష్టపోయారన్న సెబీ నివేదిక చూపించాను. ఆయన చూసి, "మిగతా పదకొండు మంది ఎట్లా చేస్తున్నారో అది నేర్పు" అన్నారు. సెప్టెంబరు 23న సెబీ కొత్త లెక్క వచ్చింది. మూడేళ్లలో కోటిమందికి పైగా ఆడితే 93 శాతం మందికి నష్టం, మొత్తం 1.8 లక్షల కోట్లు దాటింది. లాభాలు తీసుకున్న పెద్ద సంస్థల సంపాదన దాదాపు అంతా, కంప్యూటర్ ప్రోగ్రాములే కొని అమ్మే అల్గో ట్రేడింగ్‌లోంచే. వరసగా రెండేళ్లు నష్టపోయాక కూడా నూటికి 75 మందికి పైగా ఆట మానలేదు. ఈ ఆఖరి అంకె నాకు ఆయన ఫొటోలా కనిపించింది. ఆయనకి మాత్రం అది వేరేవాళ్ల గురించిన వార్త.

తర్వాత చేసింది పెద్ద తప్పు. ఆయన మొత్తం నష్టాన్ని ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి చేతికిచ్చాను. 38,40,000. నిజం కళ్లముందు పెడితే కదులుతారనుకున్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మౌనంగా వెళ్లారు. పది రోజుల్లో అప్పటిదాకా ఎప్పుడూ వేయనంత పొజిషన్ వేశారు. అదృష్టం కొద్దీ లక్షా పదివేల దగ్గరే వాళ్లావిడకి తెలిసింది. ఆవిడ నాకు ఫోన్ చేసి, "ఏమండీ, మీరిచ్చిన కాగితం పర్సులో పెట్టుకుని తిరుగుతున్నారు, మీ అన్నగారు" అన్నారు.

అప్పటిదాకా ఆయనకి పోయింది ఎంతో కచ్చితంగా తెలియదు. రెండేళ్లుగా ఆ నష్టాల్ని పన్ను రిటర్న్‌లో కూడా చూపించలేదు, చూపిస్తే ఆడిటర్ ముందు ఒప్పుకున్నట్టవుతుందని. ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని అదే ఏడాది మిర్చి వ్యాపార లాభంతో సర్దుకోవచ్చు, మిగిలింది గడువులోగా రిటర్న్ వేస్తే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. ఆ రెండూ పోగొట్టుకున్నారు. సిగ్గు మీద కట్టిన పన్ను అది. అంటే ఆయన మనసులో నష్టం ఒక మసక నీడలా ఉండేది. దానికి రూపాయి పైసలతో సహా గీత గీసి, "ఇక్కడికి చేరాలి" అని గురి చూపించింది నేనే. తెలియని అప్పు తీర్చాలని ఎవరూ పరిగెత్తరు, ఎంతో తెలిశాకే పరిగెత్తుతారు.

ఆ రోజు నుంచి కొత్త క్లయింటుకి మొత్తం నష్టాన్ని ఒకే అంకెగా చెప్పడం మానేశాను.

ఏసీలో సరుకు

అక్టోబరులో నేనే యార్డుకి వెళ్లాను. ఎందుకంటే ఆఫీసులో ఆయన నా విద్యార్థి, అక్కడ నేను ఆయన విద్యార్థిని. తాలు కాయకీ మంచి కాయకీ తేడా చేతిలో నలిపి చూపించారు. టీ తాగుతూ అడిగాను. యార్డు వాళ్లు ఏసీ అనేది కోల్డ్ స్టోరేజీని.

"అన్నగారూ, ఏసీలో సరుకుంది. రేటు పడింది. కొన్న రేటు వచ్చేదాకా ఆగుతారా?"

"కొన్న రేటు నాకు తెలుసుగానీ, రేపు కొనుక్కునేవాడికేం తెలుసు? వాడికెందుకు?"

"మరి ఎలా తేలుస్తారు?"

"ఇవాళ ఈ రేటుకి ఇదే కాయ కొత్తగా కొంటానా అని చూసుకుంటా. కొనను అనిపిస్తే తోసేస్తా. ఏసీ కిరాయి ఒక పక్క, రంగు పోవడం ఒక పక్క. ఆగితే పెరిగేది రేటే కాదుగా, ఖర్చూ పెరుగుతుంది."

ఫైనాన్స్ పాఠాల్లో దీనికంటే బాగా చెప్పిన వాక్యం నేను వినలేదు. అప్పుడే ఫోన్ తీయమన్నాను. ఆప్షన్ ప్రీమియంలో రోజూ కరిగే భాగాన్ని ట్రేడర్లు థీటా అంటారు. ఆయన రెండేళ్లు ఆ మాట వింటూనే ఉన్నారు. "అన్నగారూ, థీటా అంటే రంగు పోవడం. గురువారానికి తెల్లబడిపోయే కాయని మీరు మంగళవారం కొని, బుధవారం ఇంకో వంద టిక్కీలు కొంటున్నారు" అన్నాను. టిక్కీ అంటే మిర్చి బస్తా. ఆయన నవ్వలేదు. చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు.

ఒకే మనిషి రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకున్నాడో వెతికితే, నాకు కనిపించిన కారణాల్లో తెలివి లేదు. యార్డులో నష్టానికి అమ్మడం పదిమంది ముందు జరుగుతుంది, పదిమందీ అదే పని చేస్తారు, కాబట్టి దాన్లో అవమానం లేదు. రైతుకి చెల్లించే గడువుంది, భాగస్తుడు ఖాతా చూస్తాడు. ఫోన్‌లో ఎవరూ చూడరు, గడువు లేదు, యాప్ తెరవగానే మొదట కనిపించేది కొన్న సగటు రేటు, దాని పక్కన ఎర్ర అంకె. యార్డులో ఎవరికీ పట్టని ఆ ఒక్క అంకెనే ఫోన్ రోజుకి నలభైసార్లు చూపిస్తుంది. మళ్లీ ట్రేడ్‌బుక్ తీశాను. నష్టానికి అమ్మిన ఆ ఐదు షేర్లలో నాలుగు, యార్డులో చెల్లింపులకి డబ్బు కావలసిన వారాల్లో అమ్మినవి. ముందు సారి ఆ తేదీలు చూసి కూడా పట్టించుకోలేదు.

చేసిన పనులు

తొమ్మిది నష్టాల షేర్లకి ఒక కాగితం తయారుచేశాను. పేరు, ఇవాళ అమ్మితే చేతికొచ్చే డబ్బు, అంతే. కొన్న రేటు ఎక్కడా లేదు. పక్కన ఒకే ప్రశ్న: ఇంత డబ్బు ఇవాళ చేతిలో ఉంటే ఇదే కొంటారా? తొమ్మిదింటిలో ఏడింటికి "కొనను" అని రాశారు. ఆ ఏడూ మూడు విడతల్లో అమ్మించాను. ఒకేసారి అమ్మించి ఉంటే తట్టుకునేవారు కాదు. షేర్లు అమ్మితే వచ్చిన ఈ క్యాపిటల్ నష్టం వ్యాపార లాభంతో సర్దుబాటు కాదుగానీ రాబోయే క్యాపిటల్ లాభాలతో అవుతుంది. ఈసారి రిటర్న్‌లో వేయించాం. దాన్ని ఆయన "నష్టాన్ని ఏసీలో పెట్టాం" అని పిలవడం మొదలుపెట్టారు, నేను దిద్దలేదు.

బ్రోకర్ దగ్గర ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ తీయించేశాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ తెరుచుకోవచ్చు, నాకూ తెలుసు. కానీ తెరవడానికి పట్టే సమయంలో కోపం కొంత చల్లారుతుంది. అదే నెలల్లో నియమాలు కూడా కలిసొచ్చాయి. 2024 నవంబరు 20 నుంచి ఎక్స్చేంజికి ఒకటే వారపు ఎక్స్‌పైరీ, కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షలు. రోజూ ఒక కొత్త తలుపు తెరుచుకోవడం ఆగింది.

ఆవిడ విషయంలో ముందు నేను సంకోచించాను. భార్యకి లెక్కలు చూపించమని క్లయింటుకి చెప్పడం మన దగ్గర ఇంకా తేలిక కాదు. ఆయనే అన్నారు, "యార్డులో భాగస్తుడున్నట్టు ఇక్కడ ఇది ఉంటుందిలే" అని. షేర్ల లెక్క ఉండే డిపాజిటరీ నుంచి నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ ఆవిడ ఈమెయిల్‌కి కూడా చేరేలా చేశాం. నగల అప్పు ముందు తీర్చాం, వడ్డీ లెక్క చూస్తే ఓడీ అప్పు ముందు తీర్చాల్సింది. అది తెలిసే చేశాను. నగలు ఇంటికి రాకపోతే ఆవిడ ఆ స్టేట్‌మెంట్లు తెరిచేవారు కాదు.

జారిన చోట్లు

2025 జనవరిలో తమ్ముడి పేరు మీద ఖాతాలో 80 వేలు పోగొట్టుకున్నారు. ఈసారి మర్నాడే వచ్చి చెప్పారు. నేనేమీ అనలేదు, టీ తెప్పించాను. ఫిబ్రవరిలో మార్కెట్ వరసగా ఐదో నెల పడింది. 1996 తర్వాత నిఫ్టీకి ఇలా జరగలేదు. కొత్తగా మొదలుపెట్టిన సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) ఆపమని ఫోన్. ఆపకుండా, మే వరకు యాప్ ఆవిడ ఫోన్లోనే ఉండేలా ఒప్పించాను. ఇది తేలిగ్గానే అయింది.

కష్టమైంది ఇంకొకటి. అదే ఫిబ్రవరిలో మిర్చి రేట్లు కుప్పకూలాయి. 2023లో క్వింటా 20 వేలు దాటిన తేజ రకం సగానికి దగ్గరగా వచ్చింది. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. పరామర్శకని వెళ్లాను. మాటల్లో చెప్పారు, 600 టిక్కీలు ఏసీలో ఉన్నాయట. ముందు ఏడాది సరుకు.

"ఎందుకుంచారు?"

"కొన్న రేటుకన్నా రావాలి కదా తమ్ముడూ."

నేను నాలుగు నెలలుగా నలుగురికి చెప్పుకు తిరుగుతున్న సిద్ధాంతం అక్కడే చెదిరింది. యార్డులో ఈయన కొన్న రేటు చూడరని కదా నేను నమ్మింది. మెల్లగా లాగితే తెలిసింది. ఇతరుల డబ్బు, బ్యాంకు డబ్బు ఉన్న సరుకంతా రేటు పడుతున్నప్పుడే వారాల్లో అమ్మేశారు. ఈ 600 మాత్రం సొంత డబ్బుతో కొన్నవి. ఎవరికీ చెల్లించక్కర్లేదు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. కిరాయి కూడా అమ్మినప్పుడు కడితే చాలు. అంటే ఆ సరుకు యార్డులో లేదు, ఫోన్‌లో ఉన్నట్టే. అక్టోబరులో టీ తాగుతూ ఆయన చెప్పిన సూత్రం ఆయన వివేకం అనుకున్నాను. అందులో చాలా భాగం అప్పులవాళ్ల ఒత్తిడి.

దాంతో సలహా కూడా మార్చాను. కొన్న రేటు మర్చిపొమ్మని ఎవరికీ చెప్పడం లేదిప్పుడు, మర్చిపోవడం చేతకాదు. సొంత డబ్బుకి కూడా బయటి గడువొకటి కట్టడం మీదే నా పని. ఆయనతో ఒక కాగితం రాయించాం: ఫలానా తేదీకి ఇన్ని టిక్కీలు, రేటు ఎంతున్నా సరే. సంతకం ఆయనది, తేదీ గుర్తుచేసేది ఆవిడ. మొదటి తేదీకి 200 అమ్మారు. రెండో తేదీకి 220. మూడో తేదీ నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసి, ఎగుమతి ఆర్డర్లు వస్తున్నాయని యార్డులో టాక్ ఉందని, ఒక్క పదిహేను రోజులు చూద్దామని అడిగారు. ఎవరు చెప్పారంటే ఒక వాట్సాప్ గ్రూపు పేరు చెప్పారు.

180 టిక్కీలు ఇంకా ఏసీలోనే ఉన్నాయి.